త్రిశంకుడి చెరకు

ముందు మూడో ఆకు పోతుంది. కాకపోతే నాలుగోది. మొవ్వు పచ్చగానే ఉంటుంది, కింది ఆకులూ పచ్చగానే ఉంటాయి. నడుమ ఒక్క ఆకు మాత్రం అంచుల నుంచి పసుపు తిరిగి ఈనె వైపు ఎండుకొస్తుంది. దేవరాపల్లి చుట్టుపక్కల చెరకు పండించిన ఇళ్లలో ఆ ఆకు సంగతి తెలియని పెద్దవాళ్లుండరు. అది కంటబడితే రైతు ఇక ఆకుల జోలికి పోడు. గడ ఒకటి నరికి, కత్తితో నిలువునా చీలుస్తాడు. లోపలంతా ఎరుపు. ఆ ఎరుపుకి అడ్డంగా అక్కడక్కడ తెల్లటి మచ్చలు. ముక్కు దగ్గర పెట్టుకుంటే పులిసిన కల్లు వాసన. గానుగకి పోవాల్సిన రసం గడలోనే పులిసిపోయిందన్నమాట. పక్క గడ చీల్చాలా వద్దా అని కాసేపు ఆలోచిస్తాడు. చీల్చడు. తెలిసిపోయింది కదా.

దాని పేరు ఎర్రకుళ్ళు.

శాస్త్రవేత్తల జీవితాలు రాసేవాళ్లు చదువు, ఉద్యోగం, పరిశోధన, బిరుదు అని వరసగా రాసుకుపోతారు. చెరకు శాస్త్రవేత్తకి ఆ లెక్క సరిపోదు. ఆయన పుట్టించిన చెరకు ఎన్నేళ్లు బతికిందో, ఎలా పోయిందో కూడా రాయాలి. మొదటి లెక్క సన్మాన పత్రాల్లో దొరుకుతుంది. రెండోది పొలం గట్ల మీద వెతుక్కోవాలి.

శారదా నది అనంతగిరి కొండల్లో పుట్టి, దేవరాపల్లి దగ్గర రైవాడ జలాశయంలో ఆగి, చోడవరం, అనకాపల్లి దాటి సముద్రానికి పోతుంది. ఆ దారి పొడవునా ఒకప్పుడు చెరకే. గానుగ పొగ, పెనంలో మరుగుతున్న రసం, మీగడలా తీసి పారబోసే మడ్డి, దిమ్మలుగా ఆరుతున్న బెల్లం. దేశంలో హాపూర్ తర్వాత అంతటి బెల్లం మార్కెట్ అనకాపల్లిదేనని చెప్పుకొనేవారు. చెరకుతో పాటు ఆ నది ఒడ్డున ఇంకో గడ్డి కూడా ఉంటుంది. దాన్ని ఎవరూ నాటరు, ఎవరూ కొనరు. వానలు వెనకబడితే తెల్లగా పూస్తుంది. రెల్లు. వృక్షశాస్త్రం ప్రకారం రెల్లు చెరకుకి సొంత దాయాది. ఈ కథలో అది మళ్లీ వస్తుంది.

మన పురాణాల్లో పడిపోయినవాళ్లు చాలామంది ఉన్నారు గాని, పడిపోతూ మధ్యలో ఆగినవాడు ఒక్కడే. త్రిశంకుడు ఇక్ష్వాకు వంశం వాడు. ఇక్షువంటే చెరకే. బొందితో స్వర్గానికి పోవాలనుకున్నాడు. వశిష్ఠుడు కాదన్నాడు, విశ్వామిత్రుడు పంపించాడు, ఇంద్రుడు తోసేశాడు. తలకిందులుగా పడుతున్నవాణ్ణి విశ్వామిత్రుడు మధ్యలోనే నిలిపి, అక్కడే కొత్త స్వర్గం కట్టడం మొదలుపెట్టాడు. ఆ స్వర్గంలోకి చేసిన వింతల్లో చెరకొకటనీ, స్వర్గం నిలవకపోయినా చెరకు భూమ్మీద మిగిలిందనీ జనం చెప్పుకుంటారు. అనకాపల్లి పరిశోధనా కేంద్రం వాళ్లు పుట్టించిన 87 ఏ 298 అనే రకానికి విశ్వామిత్ర అని పేరు పెట్టారు. ఆ పేరు సూచించిన మనిషి ఎవరో నాకు తెలీదు గాని, పురాణం బాగా తెలిసినవాడై ఉండాలి. బ్రహ్మ చేసిన చెరకుతో తృప్తిపడక తామే ఒకటి చేయాలనుకునే వాళ్ల ఉద్యోగానికి అంతకంటే తగిన పేరు దొరకదు.

ఆ ఉద్యోగం మన దేశంలో మొదలైంది కూడా ఒక పతనంతోనే, అదీ తెలుగు నేల మీద.

చార్లెస్ ఆల్‌ఫ్రెడ్ బార్బర్ అనే ఆంగ్లేయుడు 1898లో మద్రాసు ప్రభుత్వ వృక్షశాస్త్రవేత్తగా వచ్చాడు. వచ్చిన రెండు మూడేళ్లకే గోదావరి డెల్టాలో చెరకు నిలువునా కుళ్ళిపోతోందని కబురు. ఆయన పోయి చూశాడు. డచ్చి శాస్త్రవేత్త వెంట్ 1893లో జావాలో వర్ణించిన బూజే ఇక్కడా గడల్లో ఉంది. అప్పటిదాకా అమ్మవారి ఆగ్రహమనో, నేల సారం పోయిందనో అనుకున్నదానికి ఒక పేరొచ్చింది, కొల్లెటోట్రైకమ్ ఫాల్కేటమ్. పేరొచ్చినంత మాత్రాన పంట తిరిగి రాలేదు. తరతరాలుగా పండించిన నాటు రకాలు ఆ దెబ్బకి లేవలేకపోయాయి. 1902లో సామర్లకోటలో చెరకు క్షేత్రం పెట్టింది ఆ చావు వల్లే. బార్బర్ బయటి చెరకులు తెప్పించి నాటించాడు. మారిషస్ నుంచి వచ్చినవి తట్టుకున్నాయి. అనకాపల్లిలో ప్రభుత్వ క్షేత్రం 1913లో వచ్చింది. సామర్లకోటలో ఏ చావు చూసి మొదలుపెట్టారో, అనకాపల్లిలో నూరేళ్లకి పైగా అదే చావుతో కుస్తీ పడుతున్నారు.

తెచ్చి నాటితే కొన్నాళ్లే. సొంతంగా పుట్టించాలి. అయితే చెరకుని పుట్టించడం వరినో జొన్ననో పుట్టించినంత తేలిక కాదు. ఉత్తరాదిలో చెరకు పూయడమే అరుదు, పూసినా గింజ కట్టదు. కోయంబత్తూరులో మాత్రం పూస్తుంది, గింజ కడుతుంది. అందుకే 1912లో చెరకు ప్రజనన కేంద్రం అక్కడ పెట్టి బార్బర్‌ని కూర్చోబెట్టారు. ఆయన పక్కన టి. ఎస్. వెంకటరామన్. ఆ ఏడాదే వాళ్లు చేసిన పని ఏ పెళ్లిళ్ల పేరయ్యా చేసి ఉండడు. వెల్లై అనే లావుపాటి, తియ్యటి, సున్నితమైన చెరకుకి రెల్లుతో సంబంధం కలిపారు. తీపి అటు నుంచి, మొండితనం ఇటు నుంచి. ఆ సంతానంలో 1918లో బయటికొచ్చినది కో 205. కో అంటే కోయంబత్తూరు. పంజాబు రైతులు దాన్ని కళ్లకద్దుకున్నారు.

బార్బర్ 1919లో ఇంగ్లండు వెళ్లిపోయాడు. వెంకటరామన్ ఆ కుర్చీలో ఇరవై ఏళ్లకి పైగా ఉన్నాడు. సర్ బిరుదొచ్చింది, 1956లో పద్మభూషణ్. అదే కేంద్రానికి 1934లో తలశ్శేరికి చెందిన జానకి అమ్మాళ్ వచ్చింది. మిషిగన్‌లో డాక్టరేటు చేసిన జన్యుశాస్త్రవేత్త, ఆ ప్రాంగణంలో ఒంటరి ఆడది, పైగా కింది కులమని లోకం లెక్కగట్టిన ఇంటి పిల్ల. చెరకుని మొక్కజొన్నతో కలిపి చూసింది, సూక్ష్మదర్శిని కింద క్రోమోజోములు లెక్కబెట్టింది. మేలు చెరకులో 80 క్రోమోజోములుంటాయి. రెల్లులో మాత్రం ఊరికొక లెక్క, 40 నుంచి 128 దాకా. 1939లో ఎడింబరో సభకి వెళ్లేసరికి యుద్ధం వచ్చిపడింది. అక్కడే ఉండిపోయింది. పుష్కరం తర్వాత నెహ్రూ పిలిస్తే 1951లో తిరిగొచ్చింది గాని, చెరకు దగ్గరికి కాదు. ఆవిడ జీవితాన్ని విజయగాథగా రాస్తారు, తప్పు లేదు. ఆ క్షేత్రంలో ఆవిడ చేయాల్సి ఉండి, చేయకుండా మిగిలిపోయిన పని ఎంతుందో అని నాకు మాత్రం అనిపిస్తుంది.

ఇక అసలు నాయకుడు. కో 419.

1933లో పుట్టింది. తల్లిది జావా. డచ్చివాళ్లు 1921లో సాధించిన పీఓజే 2878, ప్రపంచమంతా అద్భుతమన్న రకం. తండ్రి కోయంబత్తూరు కో 290. పిల్లకి పేరు పెట్టలేదు, అంకె వేశారు. లావు గడ, నిండా రసం, తియ్యన. ద్వీపకల్పమంతా అల్లుకుపోయింది. దక్కన్‌లో కాలవల కింద, మైసూరులో, మన కోస్తాలో. చెరకంటే 419 అనే రోజులొచ్చాయి. అదే 1933లో ఏటికొప్పాకలో రైతులు సహకార సంఘం పెట్టుకుని చక్కెర తీయబోయారు. అంకె ఒకటి, ఆశ ఒకటి, రెండూ ఒకే ఏడాది పుట్టాయి.

ఇక్కడ ఒక్క సంగతి నెమ్మదిగా చెప్పుకోవాలి, ఈ విషాదమంతా అందులోనే ఉంది కనక. చెరకు రైతు గింజ నాటడు. గడని మూడు కళ్ల ముచ్చెలుగా నరికి నాటుతాడు. ఆ ముచ్చె నుంచి లేచేది చెరకు బిడ్డ కాదు, ఆ చెరకే. నరికాక మోడు నుంచి లేచే కార్సి తోటా అదే. కోయంబత్తూరు మడిలో 1933లో మొలిచిన ఒకే ఒక్క మొక్కని ముక్కలు చేసి, ఆ ముక్కల్ని మళ్లీ ముక్కలు చేసి, లక్షల ఎకరాలు నింపారు. అంచేత దేశంలోని 419 తోటలన్నీ కలిపి ఒక మొక్క. దానికి ముసలితనం లేదు, పొలంలో వారసులు లేరు, తనలో మార్పు లేదు. శత్రువుకి అన్నీ ఉన్నాయి. బూజు ఏటేటా కోట్ల బీజాలు వెదజల్లుతుంది, వాటిలో ఏదో ఒకటి కొత్త దారి కనిపెడుతుంది. లక్ష ఇళ్లకి ఒకే తాళం వేస్తే దొంగకి ఒక్క మారుతాళం చాలు.

ఆ దొంగ వచ్చేది కూడా ఇంటివాడి చేతుల మీదుగానే. ముచ్చె పైకి నున్నగా, ఆరోగ్యంగా ఉంటుంది. లోపల ఎక్కడో బూజు నిద్రపోతుంటుంది. మంచి విత్తనమని పక్క ఊరి బంధువు బండెడు గడలు అడిగితే కాదంటామా? పెళ్లి పిలుపులు నడిచిన దారిలోనే జబ్బూ నడిచింది. పైన వాన, నదికి వరద. శారద పొంగి ఈ తోట నీరు ఆ తోటలోకి పారితే దానితో పాటు జబ్బూ వెళ్తుంది. పడిపోయిన గడలకి ఇంకా తొందరగా సోకుతుంది. మన వాళ్లు గడలు పడకుండా ఎండాకులతో జడచుట్లు వేసేది గాలికి భయపడే గాని, జబ్బు విషయంలోనూ అది కొంత కాపు.

రాజు పోతే తిథి ఉంటుంది. చెరకు పోతే ఉండదు. 419 ఫలానా రోజున పడిపోయిందని ఎవరూ చెప్పలేరు. ఒక ఊళ్లో మూడో ఆకు ఎండింది, మరుసటేడు నాలుగు ఊళ్లలో ఎండింది. ముందు కార్సి పోయింది, తర్వాత మొక్క తోటా పోయింది. విత్తనానికి పనికిరాదన్నారు, ఆ తర్వాత నాటొద్దన్నారు. ఉత్తరాదిలో అప్పటికే ఈ నాటకం ఒకసారి ఆడేసింది. బీహారు, తూర్పు ఉత్తరప్రదేశ్‌లో కో 213 ఏలుతుండగా 1930ల చివర ఎర్రకుళ్ళు వచ్చి తుడిచిపెట్టింది. ఇక్కడ 419 తర్వాత కో 997 వచ్చింది, తొందరగా పక్వానికొస్తుందని దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. అదీ కుళ్ళింది. కడలూరు నుంచి కో సీ 671 వచ్చింది. దాని తీపికి సాటి లేదు. తమిళనాడు నుంచి గుజరాత్ దాకా మిల్లులు ఎగబడ్డాయి. అదీ కుళ్ళింది. మొన్న మొన్నటి మాట చూడండి. బక్షీ రామ్ అనే శాస్త్రవేత్త సాధించిన కో 0238ని 2009లో విడుదల చేశారు. పదేళ్లలో ఉత్తరప్రదేశ్ చెరకు నేలలో ఎనభై శాతం పైగా అదే. దాంతో ఆ రాష్ట్రపు చక్కెర దశ తిరిగింది. 2023లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. ఢిల్లీలో పతకం పెట్టేసరికి అక్కడి పొలాల్లో మూడో ఆకు ఎండడం మొదలై కొన్నేళ్లయింది. ఆయన తప్పేమీ లేదు. అందరూ ఒక్కదాన్నే నాటారు, నాటకుండా ఉండలేనంత బాగుంది మరి.

ఒక రకం బయటికి రావడానికి పదీ పన్నెండేళ్లు పడుతుంది. వేల మొలకలు పెంచి, ఏరి, పారేసి, మిగిలినవాటిని మళ్లీ ఏరి, చివరికి ఒకటి. ఉద్యోగంలో చేరిన కుర్రవాడు జుట్టు నెరిసేలోగా రెండు రకాలకి తండ్రయితే అదృష్టవంతుడు. ఆ రెండూ తన రిటైర్‌మెంటు కంటే ముందే పోవడం చూడాల్సి రావచ్చు. వరి శాస్త్రవేత్తకి ఈ శిక్ష ఇంత కఠినంగా లేదు. మారుటేరులో పుట్టిన స్వర్ణ నలభై ఏళ్లు దాటినా జనం కంచాల్లో ఉంది.

ఈ శాస్త్రంలో నన్ను కలవరపెట్టిన మాట ఒకటుంది. దేశంలో ఎర్రకుళ్ళు బూజు జాతులకి శాస్త్రవేత్తలు గుర్తులు పెట్టుకున్నారు. ఏది ఏ చెరకుని చంపి దొరికిందో ఆ గుర్తు పక్కనే రాసుకున్నారు. 419 నుంచి తీసిన బూజు సీఎఫ్ 04. 997 నుంచి తీసింది సీఎఫ్ 05. 671 నుంచి తీసింది సీఎఫ్ 06. మన అనకాపల్లిలో పుట్టిన 85 ఏ 261 నుంచి తీసింది సీఎఫ్ 10. కొత్తగా చేర్చిన సీఎఫ్ 13 కో 0238 నుంచి. చనిపోయిన వీరుల జాబితా ఎక్కడా విడిగా లేదు, హంతకుల పట్టికలోనే ఉంది. ప్రయోగశాలలో గాజు పళ్లెంలో బూడిద రంగు బూజుగా 419 వంశచరిత్ర ఇవాళ్టికీ సాగుతోంది.

అనకాపల్లి వాళ్లు చేయనిది లేదు. వేడినీళ్లలో ముచ్చెలు శుద్ధి చేయమన్నారు, మందునీళ్లలో ముంచమన్నారు, జబ్బు తోటని కార్సి చేయొద్దన్నారు, వరితో పైరు మార్చమన్నారు. తట్టుకునే రకాలిచ్చారు. విశ్వామిత్ర ఉత్తరాంధ్రలో బాగానే పాకింది. ఎర్రకుళ్ళు ఒక్కదాని మీదే అయితే ఈ యుద్ధం ఇలాగే సాగుతూ ఉండేదేమో. ఒక రకం పడటం, ఇంకో రకం లేవడం.

రెండో పతనానికి బూజు అక్కర్లేకపోయింది. చెరకు కొట్టే మనుషులు దొరకలేదు, దొరికినా కూలి గిట్టలేదు. బెల్లం ధర ఏడాది చాకిరీకి సమాధానం చెప్పలేకపోయింది. రైవాడ నీటిలో విశాఖ నగరానికీ వాటా ఉంది. 419తో పాటు పుట్టిన ఏటికొప్పాక ఫ్యాక్టరీ మూతపడింది. తుమ్మపాల మూతపడింది. తాండవ మూతపడింది. చోడవరం దగ్గర గోవాడ ఫ్యాక్టరీ గేటు వైపు చూసి సీజన్ ఉంటుందా ఉండదా అని ఒకరినొకరు అడిగే దాకా వచ్చింది. కటింగ్ ఆర్డరు కోసం తిరగడం, కాటా దగ్గర ట్రాక్టరు మీద తెల్లవారేదాకా పడుకోవడం, ఇవన్నీ ఒకప్పుడు కష్టాలనుకునేవారు. ఇప్పుడు అవే తీపి జ్ఞాపకాలు. తోటలు జామాయిల్ అయ్యాయి, సరుగుడు అయ్యాయి. వాటిని నాటి, ఊరు వదిలి వెళ్లిపోవచ్చు. చెరకుని నాటి వెళ్లడానికి లేదు.

అందులో ఒక ఎత్తిపొడుపు ఉంది. నూరేళ్ల పాటు ఎర్రకుళ్ళుని ఓడించలేకపోయారు. ఇవాళ శారద ఒడ్డున చాలా పొలాల్లో ఎర్రకుళ్ళు లేదు. చెరకు లేదు కనక.

శాస్త్రవేత్తలు మాత్రం మళ్లీ మొదటికే పోతున్నారు. కొత్త రక్తం కోసం ఏటి ఒడ్లు, కొండ వాలులు తిరిగి రెల్లు దుబ్బులు ఏరి తెస్తున్నారు. బార్బర్ 1912లో పట్టుకున్న కొసే. బూజు రెల్లుని ఇన్నేళ్లయినా మొత్తంగా లొంగదీసుకోలేకపోయింది. రెల్లు దుబ్బులన్నీ కలిపి ఒకే మొక్క కావు. దాన్ని ఎవరూ ఎన్నుకోలేదు, ఎవరూ ముక్కలు చేసి దేశమంతా నాటలేదు.

పాత చెరకులు పూర్తిగా పోలేదు. దక్షిణాది ఎర్రకుళ్ళు పరీక్షా మడుల్లో ఏటా కొన్ని వరసల్లో 671 నాటుతారు. ఏడు నెలలు పెంచుతారు. గడకి చిన్న రంధ్రం చేసి, బూజు బీజాలు కలిపిన నీటిచుక్కలు పోసి, మట్టితో మూస్తారు. పక్క వరసల్లో కొత్త రకాలకీ అదే చేస్తారు. రెండు నెలల తర్వాత గడలన్నీ కోసి చీలుస్తారు. కొత్తవాటిలో ఎరుపు ఎంత దూరం పాకిందో చూసి సున్నా నుంచి తొమ్మిది దాకా మార్కులేస్తారు. ముందు మాత్రం 671 గడని చీలుస్తారు. అందులో ఎరుపు, తెల్ల మచ్చలు, ఆ పులిసిన వాసన ఉండాలి. ఉంటేనే బూజు బతికున్నట్టు. అది కుళ్ళకపోతే ఆ ఏటి పరీక్ష చెల్లదు.